వెనుక గాండ్లు నీవి

12 నవంబరు 1973, సోమవారం

చెల్లె తాయవ్వ పడింది. జనవాడలో వాళ్ళ ఇంట్లోనే, జలకాల బండ మీద జారి. నులక మంచంతో సహా బండి మీద వేసుకుని బీదరు దవాఖానకు తెచ్చారు. మా చిద్రికి కబురు వచ్చేసరికి పొద్దెక్కింది. నడిచే పోయాను.

తుంటి దగ్గర ఎముక విరిగిందట. డాక్టరు ముందు కన్నడంలో చెప్పి, మా ముఖాలు చూసి మళ్ళీ ఉర్దూలో చెప్పాడు. ఇది ఇక్కడ అయ్యే పని కాదు, పట్నం పెద్ద దవాఖానకు తీసుకుపోండి, లోపల కడ్డీ వేస్తే మళ్ళీ నడుస్తుంది అన్నాడు. ఈ వారం దాటనీయవద్దు, దాటితే నడక మీద ఆశ పెట్టుకోవద్దు. బస్సు పనికిరాదు, రైలు పనికిరాదు. కాలు కదలకుండా పండబెట్టి తీసుకుపోవాలి.

చెల్లె మొగుడు దేవప్ప అప్పటికే కిరాయి మోటారు మాట్లాడి గేటు దగ్గర నిలబెట్టాడు. చిన్నది. అందులో చెల్లెను ఎట్లా పండబెడతారో నాకు అర్థం కాలేదు.

ఆమె అత్తగారి వైపు వాళ్ళు మంచం చుట్టూ మూగి ఉన్నారు. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. నలుగురు ఉన్నచోట నాకు నోరు పెగలదు. ఇవాళ ఎట్లా పెగిలిందో.

"కిరాయి మోటరెందుకు? మన మోటరు లేదా?" అన్నాను.

అందరూ నా వైపు తిరిగారు. దేవప్ప నన్ను ఎగాదిగా చూసి, "నడుస్తదా బావా అది?" అన్నాడు.

"నడుస్తది."

అంత నొప్పిలోనూ తాయవ్వ నవ్వింది. "ఇన్నరా? మా నాయిన మోటరు. ఎనుక సీటు మంచమంత ఉంటది. నేనెందుకు పోత కిరాయి మోటర్ల?" అని అత్తగారి వాళ్ళను చూసింది.

దేవప్ప పోయి ఆ మోటారును వాపసు పంపాడు.

13, మంగళవారం

షెడ్డు తలుపు తీయించాను. అబ్బయ్య వచ్చాడు, నాయిన కాలం నాటి డ్రైవరు. ఎక్కడి నుంచో బ్యాటరీ అడిగి తెచ్చాడు. మధ్యాహ్నానికి బ్యూక్ ఇంజను మోగింది. జాగీర్లు పోయిన ఏడాది ఒక జాగీర్దారు దగ్గర నాయిన కొన్న మోటారు ఇది. అప్పటి గొంతే ఇంకా.

టైర్లు మాత్రం నాలుగూ నేలకు అతుక్కుపోయాయి. అబ్బయ్య బొటనవేలితో నొక్కితే పగుళ్ళు విచ్చుకుని లోపలి దారాలు కనపడ్డాయి.

"మోటరు రాజాలెక్కనె ఉన్నది పటేలా. కాళ్ళె లెవ్వు."

"తెద్దాం."

"నాలుగు తెద్దమా, రెండేనా?" అని మీసం కింద నవ్వుకున్నాడు.

వానికీ తెలుసు, ఊరందరికీ తెలుసు. పొలం పంచారు, ఇల్లు పంచారు, మోటారు దగ్గరికి వచ్చేసరికి పెద్దమనుషులకు ఏమీ తోచలేదు. జోడెడ్లు అన్నదమ్ములకు చెరొకటి వస్తే ఎవని ఎద్దును వాడే మేపుతాడు, దున్నేనాడు రెండూ ఒక కాడికి వస్తాయి. ఆ తీర్పే దీనికీ చెప్పారు. మోటారు చక్రాలనే పంచారు. ముందటి గాండ్లు అన్న మాణిక్యప్పవి, వెనుకటి గాండ్లు తమ్ముడు ఖండప్పవి. ఎవని గాండ్లు వాడు చూసుకోవాలె, ఒకనివి ఒకడు ముట్టొద్దు. చెప్పి వాళ్ళే నవ్వుకున్నారు. మేమిద్దరం నవ్వలేదు. ఆనాటి నుంచి తమ్మునికీ నాకూ మాటల్లేవు.

హళ్ళిఖేడ్ బస్సు కండక్టరుతో అక్కడుండే తమ్మునికి కబురు పంపాను. "మోటరు తీస్తున్న. ముందు గాండ్లు నేను ఏయిస్తున్న. వెనుక గాండ్లు నీవి, చూసుకో."

ఇంతకంటే ఏం చెప్పాలి. అన్నీ అందులోనే వచ్చాయి.

14, బుధవారం

కండక్టరు జవాబు తెచ్చాడు. బస్సు మెట్టు మీది నుంచే అరిచి చెప్పాడు, బస్టాండంతా వినేటట్టు.

"ఖండప్ప నవ్విండు పటేలా. ఫ్యాక్టరీ సురువైంది, ఒక్క బండి ఖాళీ లేదు, మోటరు షోకు అన్నకే ఉండని, చెరుకు ఒడిసినంక జూస్తనన్నడు."

చెరుకు ఒడిసినంక! కోతలు అయిపోయాకనట!

అమ్మ పోయినప్పుడు వాడు పాలు తాగే పిల్లవాడు. తాయవ్వకు అప్పుడు పన్నెండేళ్ళు. చంకన వేసుకుని ఊరంతా తిప్పింది. చంక దించితే ఏడ్చేవాడు. ఇప్పుడు ఆమె దవాఖానలో పడి ఉంటే వానికి చెరుకు కనపడుతున్నది.

ఇంట్లో నా భార్య హన్మమ్మతో చెప్పాను.

"ఖండప్ప గట్లనడు" అంది పిండి కలుపుతూ. "అక్కంటె పానమిడుస్తడు వాడు. ఏమని పంపినవ్ కబురు?"

"పంపిన" అన్నాను. ఆడవాళ్ళకు ప్రతిదీ విప్పి చెప్పాలి.

15, గురువారం

టైర్ల దుకాణానికి పోయాను, అబ్బయ్యను తీసుకుని. ఇది అనుకున్నంత సులువు పని కాదు. మన మోటారుది పెద్ద చక్రం, సోలా నంబరు అంటారు. ఇప్పుడు వచ్చే అంబాసిడర్ టైరు దానికి పట్టదు. పాత టైరుకు కొత్త రబ్బరు అతికించినవి ఉన్నాయి. ఎండకు ఆ రబ్బరు ఊడి వస్తుందని అబ్బయ్య అన్నాడు. జీపు టైర్లు ఉన్నాయి, కొత్తవి. అవి సరిగ్గా పడతాయని దుకాణదారు ఒకటి దొర్లించి చూపించాడు.

చూశాను. ముతక గాట్లు, పొలం దున్నేదానిలాగా. తాలూకా కచేరి జీపుకు ఉండేవి అవి. నాయిన మోటారుకు వేస్తే పట్టుపంచె కట్టి బురద చెప్పులు తొడుక్కున్నట్టు ఉంటుంది.

"తెల్లపట్టివి ఉండె పటేలా దీనికి," అన్నాడు అబ్బయ్య. "యాదికున్నదా? పెద్ద పటేలు దసరనాడు జమ్మికి పోతుంటె ఆ నాలుగు తెల్ల గుండ్రాలు తిరుగుతుంటె జనం మోటరును గాదు, గాండ్లను జూసేటోళ్ళు. పట్నంల దొరుకుతయ్. పాత నవాబుల మోటర్లు ఇప్పేకాడ."

యాదికి ఉంది.

దుకాణదారు, "ఇవి ఇప్పుడే ఎక్కియొచ్చు, సాయంత్రానికి బయలెల్లొచ్చు" అన్నాడు.

వద్దన్నాను. జీపు టైర్లు గట్టివి, కుదుపు ఎక్కువ. చెల్లె కాలు కదలవద్దని డాక్టరు చెప్పాడు కదా. మెత్తటివే వేయాలి. అందుకే వద్దన్నాను.

16, శుక్రవారం

దవాఖాన. తాయవ్వ కాలికి రెండు పక్కలా ఇటుకలు పెట్టి బట్టతో కట్టారు. ముఖం పీక్కుపోయింది.

"మోటరు ఎప్పుడస్తది అన్నా?"

"టైర్లు తేవాలె. పట్నం పోతున్న రేపు."

"నువ్వు పట్నం పోయి, టైర్లు తెచ్చి, మళ్ళ నన్ను పట్నం తీసుకపోతవా?" అని నవ్వింది. నవ్వితే నొప్పి లేచింది. పళ్ళు బిగబట్టింది. తర్వాత అడిగింది, "ఖండు రాలే?"

నేను పైన తిరిగే పంకా వైపు చూశాను.

"వానికి ఎరుకైందా అసలు?"

"కబురు పోయింది. చెరుకు ఒడిసినంక వస్తడంట."

ముఖం గోడ వైపు తిప్పుకుంది. "నా చంకల పెరిగినోడు" అంది గోడతో.

నేను ఉన్నమాటే చెప్పాను.

17, శనివారం

పొద్దున్నే బస్సులో పట్నం. పాత మోటార్లు విప్పే సందులో తిరిగి తిరిగి కాళ్ళు పీకాయి. ఎవరినీ అడగలేక ప్రతి దుకాణం ముందూ నిలబడటం, వాళ్ళు అడిగితే చెప్పటం. పొద్దు వాలేవేళకు ఒకచోట దొరికాయి. నల్లగా నిగనిగలాడుతూ, పక్కలకు చేతివెడల్పు తెల్లపట్టీ. ఏ నవాబు కొని దాచుకున్నాడో, రోడ్డు ముట్టని టైర్లు. చేత్తో తడిమితే తోలులాగా ఉన్నాయి.

ఆ దుకాణం ముసలాయన గట్టి నోటివాడు.

"నాలుగున్నయ్, నాలుగు తీసుకపో పెద్దమనిషీ."

"నాకు రెండే."

"రెండేంది? నీది మోటరా, సైకిలా?"

పక్కవాళ్ళు నవ్వారు. చెమటలు పట్టాయి నాకు. పంచాయితీ తీర్పు వానికెట్లా చెప్పను. రెండే తీసుకుని బస్సు మీద వేయించాను. మిగిలిన రెండూ గోడకు ఆనించి ఉన్నాయి. సందు మలుపు తిరిగేదాకా కనపడ్డాయి.

18, ఆదివారం

అబ్బయ్య ముందు చక్రాలకు ఎక్కించాడు. వెనుక భాగం రాళ్ళ మీద లేపి పెట్టాడు. తెల్లపట్టీలను సబ్బునీళ్ళతో కడిగించాను.

దారినపోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు. "ముంగట పెండ్లికొడుకు, ఎనుక కుంటోడు" అన్నాడు ఎవడో. అబ్బయ్య కూడా నవ్వాడు. తరువాత నన్ను చూసి బట్టతో అద్దం తుడవసాగాడు.

బాగున్నాయి. నాయిన చూస్తే ఒప్పుకునేవాడు.

19, సోమవారం

హళ్ళిఖేడ్ నుంచి ఏమీ రాలేదు.

20, మంగళవారం

దేవప్ప వచ్చాడు. గడపలోనే నిలబడ్డాడు, కూర్చోమన్నా కూర్చోలేదు.

"బావా, డాక్టరు తిడుతుండు. ఇంక ఎందుకు పెట్టుకున్నరంటుండు. కాలు వాసింది. నేను కిరాయి మోటరు మాట్లాడుకుంట."

"రెండు గాండ్లు అయినయ్. ఇంక రెండే."

"రెండు గాండ్ల మీద పోతదా బావా పట్నం?"

"రేపు వస్తయ్."

"ఖండప్పకు జెప్పినవ్ గదా?"

"చెప్పిన."

తల గోక్కుంటూ పోయాడు. మంచివాడు. పెద్ద బావమరిది మాట దాటి ఎరుగడు.

వాడు పోయాక హన్మమ్మ చీపురు పట్టుకునే వచ్చింది. "ఆ జీపువి రెండు మనమే కొని తగిలిస్తె ఏమైతది? ఎవడొచ్చి కొడతడు?"

"పంచాయితీ మాట."

"పంచాయితీ! నలుగురు ముసలోళ్ళు నవ్వుకుంట జెప్పిన మాట. ఆడిమనిషి ఆడ కాలు పట్టుకొని ఒర్లుతుంటె."

ఆమెకు తెలియదు. వాని చక్రాలు నేను ముడితే, మోటారంతా నేనే మింగానని రేపు వాడే అంటాడు. నలుగురిలో అంటాడు. అప్పుడు నేను ఏం జవాబు చెప్పగలను. వాడు తేవాలి. తెచ్చి ఇక్కడ పెట్టాలి.

21, బుధవారం

ఇవాళ దవాఖానకు పోలేదు. పోతే మళ్ళీ అడుగుతుంది.

22, గురువారం

వాడు వచ్చాడు.

చెరుకు లారీ ఒకటి ఇంటి ముందు ఆగింది. పైనుంచి రెండు టైర్లు కింద పడేశారు, వాటి వెనుకే ఖండప్ప దూకాడు. మోకాళ్ళ దాకా బురద. రెండేళ్ళ తర్వాత వాని ముఖం ఇంత దగ్గరగా చూడటం. గడ్డం నెరిసింది.

"అక్క పడ్డదని ఒక్క మాట చెప్పనీకి నోరు రాలే అన్నా నీకు?"

నేను అరుగు మీద నుంచి లేచి నిలబడ్డాను.

"నిన్న ఆ కండక్టరు టికెట్టు కొట్టుకుంట అడుగుతడు, మీ అక్కకు ఎట్లున్నదని. ఏ అక్క అన్న. నేను! ఏ అక్క అని అన్న! దవాఖాన్ల పడి తొమ్మిది దినాలాయెనంట. నాకు ఏమొచ్చింది కబురు? మోటరు తీస్తున్న, వెనుక గాండ్లు నీవి! నువ్వు పెండ్లిళ్ళకు తిరగనీకి తీస్తున్నవనుకున్న. నవ్విన గూడ!"

హన్మమ్మ తలుపు దగ్గర నిలబడి నన్నే చూస్తోంది.

కండక్టరు సగం చెప్పి సగం మింగి ఉంటాడు. బస్సులో వంద గోలలు. నేను మాత్రం అన్నీ చెప్పాను. అక్క సంగతి లేకుండా మోటారు ఎందుకు తీస్తాను? ఆమాత్రం వానికి తెలియవద్దా?

వాడు నా జవాబు కోసం ఆగలేదు. "అబ్బయ్యా, జల్ది ఎక్కియ్యి. నా బండివి. పోయిన నెలల ఏసిన, కొత్తయే. జీపువి, దీనికి పడతయ్" అని తానే ఒక టైరు దొర్లించుకుంటూ పోయాడు. చెరుకు బండి చక్రాల నుంచి ఊడదీసిన టైర్లు. గాట్లలో ఎర్రమట్టి, పేడ. అబ్బయ్య ఒకటి ఎత్తి మోటారు పక్కన ఆనించాడు. ముందు తెల్లపట్టీ, వెనుక అది.

"ఎడ్లబండివి" అన్నాను.

అంతే. ఆ ఒక్క మాట. కడిగి ఎక్కించమని చెప్పబోయాను. ఆ తర్వాతి మాట అదే. రావటం ఆలస్యమైంది.

ఖండప్ప నడుము నిటారు చేసి నా వైపు చూశాడు. కొడతాడేమో అనుకున్నాను. అట్లయినా బాగుండేది.

"అవునన్నా. ఎడ్లబండివి" అన్నాడు నిదానంగా. "నీ మోటరు నువ్వే పెట్టుకో. ముందు గాండ్లు నీవి, వెనుక గాండ్లు నీవి. అక్కను నేను తీసుకపోత."

నడిచి పోయాడు. అబ్బయ్య టైరు పట్టుకునే నిలబడి, "పెట్టాల్నా పటేలా, తియ్యాల్నా?" అన్నాడు.

నేను లోపలికి వచ్చేశాను.

23, శుక్రవారం

అదే కిరాయి మోటారు. ముందు సీటు ఊడదీయించి, పరుపు వేసి పండబెట్టాడట. బస్టాండులో ఎవరో చెప్పుకుంటుంటే విన్నాను. కాలికి కుదుపు తగలకుండా దారి పొడుగునా ఒడిలో పెట్టుకుని కూర్చున్నాడట ఖండప్ప.

సీటు ఊడదీయవచ్చని నాకెవరూ చెప్పలేదు.

27, మంగళవారం

పట్నం నుంచి దేవప్ప తిరిగి వచ్చి, చెప్పి పోయాడు. ఎముక పక్కకు జరిగిందట. లోపల చీము పట్టిందట. ఇప్పుడు కడ్డీ వేస్తే ప్రాణానికే ముప్పు అన్నారట పెద్ద డాక్టర్లు. కట్టు కట్టి, జ్వరం తగ్గేదాకా ఉంచుకుంటారు.

"మొదటి రోజులలో తెస్తే లేచి నడిచేదన్నరు బావా" అన్నాడు. కోపంగా అనలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను, వాడు కోపంగా అనలేదు.

5 డిసెంబరు

కచేరి మీద మైసూరు అని ఉన్నచోట సున్నం కొట్టి కర్ణాటక అని రాశారు. పెట్రోలు మళ్ళీ పిరమైంది.

16 డిసెంబరు, ఆదివారం

అబ్బయ్యను పిలిచి ఆ రెండు టైర్లు కడిగించి వెనుక ఎక్కించాను. సరిగ్గా పట్టాయి. నడిపితే వెనుక నుంచి తుమ్మెద ఝుమ్మన్నట్టు ఒక చప్పుడు. కుదుపు లేదు.

హన్మమ్మ చూసి లోపలికి పోయింది. ఆమె ఏదైనా అంటుందని పొద్దటి నుంచి చూస్తున్నాను.

30 డిసెంబరు, ఆదివారం

తాయవ్వను జనవాడకు తెచ్చారని తెలిసి మోటారులోనే పోయాను. ఊరి మొదట్లో పిల్లలు వెంటపడ్డారు. ఇంటి ముందు హళ్ళిఖేడ్ ఎడ్లబండి విప్పి ఉంది. చూడగానే వెనక్కు తిప్పమందామనుకున్నాను. అబ్బయ్య అప్పటికే ఆపేశాడు.

నడిమింట్లో మంచం. అత్తగారి వైపు పెద్దవాళ్ళు గోడల వెంట కూర్చున్నారు. ఖండప్ప గడప దగ్గర చేతులు కట్టుకుని ఉన్నాడు. తాయవ్వ సగమైంది. దుప్పటి కింద ఒక కాలు పొడుగు, ఒక కాలు పొట్టి. ఇక లేవదు. మంచం మీది నుంచి తలుపు దాకా, అదీ ఎవరైనా ఎత్తితే.

నన్ను చూడగానే ముఖం విప్పారింది.

"అన్నొచ్చిండు! మోటరు చప్పుడు ఇన్న. పెద్దమ్మా, జూసినవా మా అన్నను? నలుగుట్ల నోరు తెరవని మనిషి, ఆనాడు నాకోసం నోరు తెరిచిండు. పట్నం దాక పోయి, గల్లీ గల్లీ తిరిగి, టైర్లు భుజాన మోసుకొచ్చిండు నాకోసం."

భుజాన మోయలేదు. బస్సు మీద వేయించాను.

"ఇగో, ఇంకోడున్నడు." కళ్ళతో గడప వైపు చూపించింది. "నా చంకల పెరిగినోడు. చెరుకు నరుకుకుంట కూసున్నడు. వాడు జల్ది వస్తే నాకీ గతి పట్టేదా?"

అప్పుడు వాడు చెప్పేస్తాడనుకున్నాను. గోడల వెంట అందరూ వాని వైపు చూస్తున్నారు.

ఖండప్ప గొంతు సవరించుకున్నాడు. "చెప్పిన గదా అక్కా. కబురు వచ్చె. బండ్లు ఖాళీ లేకుండె. నాదే తప్పు."

నా వైపు చూడలేదు. ఎందుకట్లా అన్నాడో నాకు తెలియదు. అత్తగారి వాళ్ళ ముందు పుట్టింటి పెద్దరికం పోవద్దనా? లేక ఆమెకు ఒక అన్న అయినా మిగలాలనా? వాడు అట్లా అంటాడని తెలిస్తే నేను రాకపోదును.

"తప్పంటె అయిపోయిందా?" అంది తాయవ్వ. కళ్ళు తుడుచుకుని, పెద్దదానిలాగా గొంతు పెంచింది. "అన్న కాళ్ళు మొక్కు. పెద్దోణ్ణి నీ రెండు గాండ్ల కోసం గన్ని దినాలు సతాయిస్తివి. మొక్కు, నా ముంగట్నె మొక్కు."

నా నాలుక మీద ఉంది. వాడు కాదు, నేను. రెండే మాటలు. అందరూ ఉన్నారు, నిశ్శబ్దంగా ఉంది, ఎవరూ అడ్డం రావటం లేదు.

ఖండప్ప వచ్చాడు. వంగాడు. వాని వేళ్ళు చల్లగా నా పాదాలకు తగిలాయి. కొంచెంసేపు అట్లాగే ఉన్నాడు, నాకు సమయం ఇస్తున్నట్టు.

వాని తల మీద చేయి పెట్టాను. "సల్లగుండు" అన్నాను.

ఆ మాట మాత్రం బయటికి వచ్చింది.